ఇతరములు

ఉత్సవం ముగిసిన తొమ్మిదో రోజు
పెరంబూరు హాలు గేటు పక్క గోడకి
మైదా జిగురుతో లెక్కల కాగితం అంటించాను.
కార్తీకపు ముసురు. గోడ ఇంకా తడి.
మూలలు నిలవనంటున్నాయి.
అరచేత్తో ఒత్తి పట్టుకున్నాను
జ్వరమొచ్చిన పిల్ల నుదురు పట్టుకున్నట్టు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఆఫీసులో
ఊళ్ళోవాళ్ళ మాటల ఖరీదు కూడిన చెయ్యి ఇది.
రూపాయి తేడా వస్తే
రాత్రి చారన్నం కూడా సయించేది కాదు.

వేదాచలం గారు వద్దన్నారు.
"ఆడిటరుకి ఇస్తున్నాం కదమ్మా,
గోడకెక్కించడం దేనికి, సినిమా పోస్టరులా?"
ఆయన మంచివారే.
మొదటి ఏడు తోలుబొమ్మలాటకి
స్కూటరు అమ్మి అడ్వాన్సు కట్టిన మనిషి,
ఆనాటి నుంచీ ఇరవై తొమ్మిది సి బస్సులోనే తిరుగుతున్నారు.
అలాంటాయన్ని లెక్క అడగడానికి
ఎవరికి నోరొస్తుంది?
నాకూ ఆరేళ్ళు రాలేదు.

పోయినేడు కాగితంలో చివరి వరుస:
ఇతరములు, పద్దెనిమిది వేల నాలుగు వందలు.
ఎంత మెత్తటి మాట!
పరుపు లాంటిది,
కింద ఏం దాచినా ఎత్తు కనపడదు.
ఈసారి కుట్లు విప్పి
దూదంతా ఎండకి ఏకాను.

ముఖ్య అతిథి శాలువా: రెండు వేల ఆరు వందలు.
ఆయన్ని తెచ్చి దించిన కారు: నాలుగు వేల రెండు వందలు.
(ఆయన కూర్చున్నది ఇరవై నిమిషాలు. అది రాయలేదు.)
తెర వెనక తెల్లారేదాకా గొంతు చించుకున్న
కొండోజి దళంలో ఒక్కొక్కరికి, రాత్రికి: ఏడు వందలు.
ఈ వరుసలు ఒకదాని కింద ఒకటి పడ్డాక
కాసేపు పెన్ను మూత పెట్టి కూర్చున్నాను.

కొండోజి ఒకసారి చెప్పాడు,
మేకతోలు గీకుతూ, తల ఎత్తకుండా:
"రంగులు చివర్న అమ్మా.
ముందు దీపం దీనిగుండా ఇవతలికి రావాల.
రాకపోతే అది బొమ్మ కాదు, చెప్పు."

సాయంత్రానికి నలుగురు ఆగారు.
నగల కొట్టు గుమస్తా
తమ పేరు ఎంత పెద్దక్షరాల్లో ఉందో చూసి వెళ్ళాడు.
ఒక కుర్రాడు ఫోటో తీశాడు, దేనికో చెప్పలేదు.
తర్వాత చీపురు చంకలో పెట్టుకుని అంజలై.
తమిళంలోనే అడిగింది, నా పేరుందామ్మా అని.

ఉంది. చదివాను.
హాలు ఊడ్చినందుకు, మూడు రోజులు,
పద్దెనిమిది వందలు.
ఆమె వేళ్ళు మడిచింది. విప్పింది. మళ్ళీ మడిచింది.
"నా చేతికి పన్నెండే వచ్చిందే?"

కోపం లేదు ఆ గొంతులో.
తప్పు తనదేనేమో, తానే ఎక్కడో జారవిడిచిందేమో
అన్నట్టు నేల వైపు చూసింది.

లోపలికెళ్ళి ఓచరు తీశాను.
నీలం సిరాతో ఆమె బొటనవేలు, స్పష్టంగా.
పైన అంకె వేరే చేతిది.
కింద నా సంతకం,
గుండ్రంగా, ఏ అనుమానమూ లేకుండా.

పర్సులో ఆరు వందలున్నాయి.
తీసిచ్చేస్తే లెక్క సరిపోతుంది.
అదే భయమేసింది.
అలా సరిపోయిన లెక్కలు
నా ఫైళ్ళలో ఇంకెన్ని ఉన్నాయో.

బయటికొచ్చి, తడి కాగితం మీద
బాల్‌పెన్ను జారుతుంటే నొక్కి రాశాను:
అంజలైకి సంస్థ బాకీ, ఆరు వందలు.
ఎవరి చేతిలో ఆగాయో ఇంకా తెలియదు.
చూడకుండా సంతకం పెట్టింది నేను.

"ఇందులో నేనెక్కడ?" అంది.
చూపించాను.
అక్షరాల మీద వేలు పెట్టి, తీసి,
ఆ వేలు కొంగుకి తుడుచుకుంది.

చీకటి పడ్డాక వేదాచలం గారు వచ్చారు.
గొడుగు నా చేతికిచ్చి, కళ్ళజోడు పైకి తోసి,
మొదటి వరుస నుంచి చదివారు.
చివరి వరుస దగ్గర చాలాసేపు ఆగారు.
నేను తిట్లకి సిద్ధంగా ఉన్నాను.

ఆయన ఏమీ అనలేదు.
కుడివైపు మూల లేచిపోతుంటే
బొటనవేలితో నొక్కి పట్టుకున్నారు.
జిగురు ఇంకా ఉందా, అని అడిగారు.